బావ కారుకు రేసు బెల్టు

నేను చదివింది ఏడో తరగతే అక్కలూ, ఫోన్లో ఒత్తులు తప్పు పడితే మన్నించండి.

పోయినేడు రాష్ట్రం విడిపోయిన నెలలోనే బావతో నా పెళ్లయింది. మా బావ మార్కాపురంలో పలకల లోడు లారీ నడుపుతాడు. ఇప్పుడు పాత కారొకటి కొని, ఆదివారం మట్టి రోడ్డు పోటీకి పోతానంటున్నాడు. మానుకోమని అడగడానికి పొద్దుటి నుంచి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. సాయంత్రం రేసు బెల్టు బిగించి, సరిచూడటానికి నన్నే సీట్లో కూర్చోబెట్టాడు.

పట్టీలు లాగగానే భుజాలు కిందికి అణిగిపోయాయి.

"బావా, నడుం కుంగిపోతా ఉంది. ఇట్ల నేలకేసి కట్టినావేంది?"

"లోడు కదలగూడదంటే కిందికి లాగే కట్టాలే."

"నేనేమన్నా పలకల లోడా?"

నవ్వేసి, బెల్టుతో వచ్చిన, ఎలా కట్టాలో చూపే బొమ్మ కాగితం తీసి చూశాడు. అందులో భుజం పట్టీలు నేలకు కాకుండా, సీటు వెనక భుజాల ఎత్తులో అడ్డంగా ఉన్న ఇనుప పైపుకు చుట్టి ఉన్నాయి. విప్పి, మా కారులో ఉన్న అలాంటి పైపుకే చుట్టి కట్టాడు. నడుం పట్టీని పొట్ట మీద నుంచి తుంటి ఎముకల మీదికి దించి ముందు బిగించాడు, ఆ తర్వాతే భుజాలవి లాగాడు.

ఈసారి ఎవరో వెనక నుంచి మెల్లగా పట్టుకున్నట్టు అనిపించింది. కళ్లు మూసుకున్నాను. ఇంజనైనా స్టార్టు చేయలేదు, అయినా గిద్దలూరు అడవి దారి, వెదురు పొదలు, చల్లగాలి నన్ను దాటుకుంటూ పోయాయి.

"దిగవా ఏందే?" అన్నాడు.

మానుకోమని అడగాల్సిన దాన్ని, "పక్క సీటుకూ ఒకటి తెప్పియ్యి బావా" అన్నాను.

కదలని కారులో మీరెవరైనా ఇంత దూరం పోయారా? చెప్పండి. చదివినాక మాత్రం దీన్ని తీసేయండి, మా అత్త కంటపడితే నేను తలెత్తలేను.