గులాబీ తోటలో నా పుస్తకాల తెలుగు

మొన్న చేవెళ్లలో మందుల దుకాణం ముందు నిలబడి ఉండగా, కౌంటర్ వెనకున్న అమ్మాయి ఒక ముసలావిడకు మూడు రకాల మాత్రలు చూపించి, ఏది బ్రేక్‌ఫాస్ట్‌కు ముందో, ఏది డిన్నర్ తర్వాతో గడగడా చెప్పేసింది. ముసలావిడ ప్రతిదానికీ బుద్ధిగా తల ఊపి, పొట్లం కొంగున కట్టుకుని మెట్లు దిగింది. నాకెందుకో మనసొప్పక వెనకే వెళ్లి, ఏమని చెప్పిందవ్వా అని అడిగితే, "ఏమో బిడ్డా, మంచిగనే చెప్పింది" అని నవ్వింది. ఆమెను వెనక్కి తీసుకెళ్లి ఒక్కొక్క మాత్ర గురించి విడమరిచి చెప్పించానుగానీ ఇంటికొచ్చాక కూడా నా మనసు కుదుటపడలేదు, ఎందుకంటే అలాంటి తల ఊపును నమ్మి నేనొకప్పుడు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను.

అప్పుడు నేను డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్నాను. చేవెళ్ల బజారులో మా బాపుది కిరాణా దుకాణం. మా ఇళ్లలో ఆడపిల్ల ఉద్యోగానికి బస్సెక్కడం అప్పటికి ఎవరూ ఎరగని సంగతి. మొయినాబాద్ చుట్టుపక్కల ప్లాస్టిక్ పైకప్పుల కింద గులాబీలు పెంచి విమానాల్లో పంపే తోటలు వెలిసిన రోజులవి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, రోడ్డు మీంచి చూస్తే ఎండలో మెరుస్తూ అచ్చం నీళ్లలా కనిపించేవి. అలాంటి ఒక తోటకు హాలండ్ నుంచి నిపుణుడొకాయన వచ్చాడని, ఆయన ఇంగ్లీషును కూలీలకు తెలుగులో చెప్పే మనిషి కావాలని తెలిసి, అమ్మ వారం రోజులు బాపును బతిమాలి నన్ను పంపింది.

ఆయన చాలా పొడుగు, మా ఎండకు ముఖమంతా కందిపోయి ఉండేది, ఏ మాటైనా ముఖం మీదే అనేవాడు. మొదటి రోజు నా పూరీలు రుచి చూడమంటే ఒక ముక్క తిని, నూనె ఎక్కువైందని డబ్బా తిరిగిచ్చేశాడు. నచ్చకపోయినా బాగుందనే మనుషుల మధ్య పెరిగిన నేను బస్సులో కళ్లు తుడుచుకుంటూ ఇంటికొచ్చాను.

పనికొచ్చేవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్లయిన చిన్న మంగళారం, హిమాయత్‌నగర్ ఆడవాళ్లు. వాళ్లకు పెద్దదిక్కు ఒక అవ్వ, ఆమె కోడలూ అక్కడే పనిచేసేది. ఇంట్లో నేనూ అందరిలాగే మాట్లాడేదాన్ని, కానీ ఉద్యోగమన్నాక పుస్తకాల తెలుగు మాట్లాడితేనే మర్యాద అని నాకొక భ్రమ. పురుగుమందు కొట్టిన రోజు ఆయన ఇచ్చిన హెచ్చరికను, గొంతు సవరించుకుని, "పిచికారీ అనంతరం మరుసటి ఉదయం వరకు లోనికి ప్రవేశం నిషిద్ధం" అని ప్రకటించాను. అందరూ తలలూపారు. అర్థమైందా అని ఆయన నన్నడిగాడు, అయిందన్నాను.

మధ్యాహ్నం అవ్వ కోడలు మరిచిపోయిన కత్తెర కోసం లోపలికి వెళ్లింది. ఎంతకీ రాకపోతే ఆయన ముఖానికి గుడ్డ కట్టుకుని వెళ్లి, ఆమెను చేతుల మీద మోసుకొచ్చాడు. ఒళ్లంతా చెమటలు, నోటి వెంట ఆగని సొంగ, మిణుకుమిణుకుమంటున్న కళ్లు. అవ్వనూ ఎక్కించుకుని జీపులో దవాఖానకు తీసుకెళ్లాం.

దవాఖాన వరండాలో నేల మీద కూర్చున్న అవ్వను చూడగానే నా భయమంతా కోపమై బయటికొచ్చింది. "వద్దని చెప్పిన కదా అవ్వా! ఎందుకు పోనిచ్చినవ్?"

ఆమె తలెత్తి చూసింది. "ఏం చెప్పినవ్ బిడ్డా? రేడియోల వార్తలు చదివినట్టు చదివినవ్. మాకేం సమజ్ కాలే. సదువుకున్న పిల్లవు, అందరి ముంగట మళ్లడిగితే నీకు నామోషీ అయితదని ఊఁ అన్నం."

నా పరువు కాపాడడానికి తలలూపారట! చెంప మీద కొట్టినట్టయింది. సముద్రాల అవతలి నుంచి వచ్చినాయన మాట నాకు తెలిసింది, నా మాట మాత్రం పక్క ఊరి అవ్వకు చేరలేదు.

సాయంత్రానికి గండం గడిచిందని డాక్టరు చెప్పాక, ఉద్యోగం పోయినట్టేననుకుంటూ ఆయనకు జరిగిందంతా చెప్పేశాను. రోజూ నిన్నే అడిగాను, వాళ్లనొక్కసారీ అడగలేదు, తప్పు నాది కూడా అన్నాడాయన. వచ్చి అవ్వ ఎదుట నేల మీదే కూర్చుని, ఆ హెచ్చరిక ఆమె అయితే ఎట్లా చెప్పేదో అడగమని నాకు చెప్పాడు.

"మందు కొట్టినంక లోపల అడుగు పెట్టొద్దు, పెడితే సస్తరు. తెల్లారినంకనే పోవాలె. గింతే గద?" అంది అవ్వ. అంతే, నిజంగా అంతే.

మర్నాటి నుంచి హెచ్చరికలు అవ్వే చెప్పేది, విన్నవాళ్లలో ఒకరు దాన్ని తిరిగి మాకు చెప్పాలి. ఆయన "మళ్ల చెప్పు" అనడం నేర్చుకున్నాడు. ఆయన నోట ఆ "ళ్ల" పలకక తంటాలు పడుతుంటే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. అవ్వ ఇచ్చిన జొన్నరొట్టె గట్టిగా ఉందని ఆయనంటే, "నమిలి తినుమను, పండ్లున్నయి గద" అందామె. ఒక్క అక్షరం మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను, ఆయన పొట్ట పట్టుకుని నవ్వి మొత్తం తినేశాడు. నేనూ మా ఇంటి మాటతోనే పనిలోకి వెళ్లడం మొదలుపెట్టాను. కోడలు కోలుకుని పూలు కట్టలు కట్టే షెడ్డులోకి వచ్చింది, కానీ దారం ముడివేసేటప్పుడు ఆమె వేళ్లు చాలా నెలలు వణికాయి. అప్పుడు నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయేదాన్ని.

ఆయన తన దేశం వెళ్లిపోయాడు, అవ్వ కాలం చేసింది, తోటలు పోయి ఎత్తు గోడల ఫామ్‌హౌస్‌లు లేచాయి. పెళ్లయి మొయినాబాద్ వచ్చిన నేను ఆ గోడల పక్కనే ఉంటున్నాను. పక్క ఫామ్‌హౌస్‌ను చూసుకునే జంట ఏదో దూరపు రాష్ట్రం వాళ్లు, వచ్చి రెండేళ్లు దాటింది. గేటు దగ్గర ఎదురైతే ఒకరికొకరం తల ఊపుకుంటాం, అంతే. వాళ్లింట పుట్టిన పాప ఈమధ్యే నడక నేర్చిందని డాబా మీంచి చూశాను. పాప పేరేమిటో నాకింకా తెలియదు.