మేడ మీది గదిలో సవా ఎక్కం

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చానో లేదో, మా తమ్ముడి చిన్నబిడ్డ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని వచ్చి నా కాళ్ళ దగ్గర మంచం మీద కూలబడింది. ఇంజినీరింగు మొదటి సంవత్సరం పిల్ల. కాలేజీలో పైథాన్ మొదలుపెట్టారట. "అత్తా, జర చూడవా! పొద్దటిసంది గిదే లొల్లి. రన్ కొడితె చాలు, ఎర్రగ తిడ్తాంది" అంది, ఏడుపొక్కటే తక్కువగా. నేను కళ్ళద్దాల కోసం దిండు కింద తడుముకుంటూ, తెర వంక చూడకుండానే, "అదేమన్నదో పైకి చదువు" అన్నాను. విసుగ్గా మొదలుపెట్టింది, సగం చదివి ఆగిపోయింది, "అయ్యో!" అంటూ ఒక వరుసను కొంచెం లోపలికి జరిపింది. అంతే, పనయిపోయింది. "నువ్వు చూడనే లేదు గదత్తా, ఎట్ల దొరికిందే నీకు?" అని నా చెయ్యి పట్టుకొని ఊపేసింది. నాకు దొరికిందేమీ లేదు. ఆ మాట కూడా నాది కాదు. డోర్నకల్ నుంచి రోజూ పాసింజర్ బండిలో వచ్చి మాకు కంప్యూటర్ నేర్పిన సారుది. ఇక నిద్ర ఎక్కడిది? పిల్ల వెళ్ళిపోయింది గానీ, నేను మాత్రం హనుమకొండలో ఒక బట్టల దుకాణం పైనున్న ఆ గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

ఎనభైల నడిమి మాట. వరంగల్ చౌరస్తాకు కొంచెం ఇవతల మాకు కిరాణా దుకాణం. మా నాయిన నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్న మనిషి. తెల్ల ధోవతి, తెల్ల కమీజు, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలు అలంకారానికే తప్ప లెక్కలకు కాదు, లెక్కలన్నీ నోటితోనే. నేను బీకాం పూర్తి చేసి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అంటే నిజంగా కూర్చున్నాననే. పొద్దున చింతపండు గింజ తీయడం, మధ్యాహ్నం మిరపకాయల తొడిమలు తీయడం, సాయంత్రం ఎవరైనా వస్తే చాయ పెట్టడం. నాతో చదివిన వాళ్ళంతా ఏదో ఒకటి చేస్తున్నారని వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అప్పుడే హనుమకొండలో కంప్యూటర్ నేర్పే బోర్డొకటి వెలిసింది. అక్కడ చేరతానంటే మా అమ్మ, "అది ఆడోళ్ళు తొక్కే మిషనేనా?" అని అడిగింది. ఆమెకు తెలిసిన మిషను కుట్టుమిషనొకటే. నాయిన మాత్రం నాలుగో రోజు తూకం వేస్తూ వేస్తూ తలెత్తకుండా తేల్చేశాడు. "మూడు నెల్లు పో. ఆఖర్కు నేనొచ్చి కండ్లార చూస్త. నాకు సమజయితె ముందటికి పోదువు. సమజ్ కాకపోతె బంద్. మల్ల ఏడ్వద్దు."

నేను ఎగిరి గంతేశాను. కానీ ఆ మాటలో ఉన్న మెలిక రాత్రి అన్నం తింటుంటే అర్థమైంది. పాసయితే అనలేదు, నాకు వస్తే అనలేదు, ఆయనకు సమజవ్వాలట! మా నాయినకు రేడియోలో మనుషులెట్లా మాట్లాడతారో సమజవ్వలేదు, టెలిఫోన్‌లో చివరిదాకా అరిచే మాట్లాడేవాడు.

ఆ గది గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కింద బట్టల దుకాణం, పక్కన మిర్చి బజ్జీల బండి. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే చెప్పులు బయట విడవాలి, అదేదో గుడి అయినట్టు. లోపల ఏసీ, వరంగల్ మే నెలలో అదొక్కటి చాలు, మనిషి ఏ చదువుకైనా ఒప్పుకుంటాడు. నాలుగు మిషన్లు, ఒక్కోదానికీ చిన్న టీవీ లాంటి తెర. వాటి మీద ముఖమల్ గుడ్డలు, శుక్రవారం నాడు కుంకుమ బొట్లు. కిందినుంచి బజ్జీల వాసన, కొత్త బట్టల గంజి వాసన, లోపల వేడెక్కిన వైర్ల వాసన, అన్నీ కలిసి ఇప్పటికీ నాకు చదువు వాసన అంటే అదే. ఒక్కో మిషను ముందు ఇద్దరిద్దరం. నా జత నెక్కొండ నుంచి వచ్చే ఒక టీచరక్క. ఆమే, సారూ ఒకే బండిలో వచ్చేవాళ్ళు. బండి ఆలస్యమైన రోజు పాఠమే ఉండేది కాదు.

సారు సన్నగా, పొడుగ్గా, మా అందరికంటే నాలుగైదేళ్ళు పెద్ద. నాన్న రైల్వేలో పని, ఆదివారం చర్చిలో హార్మోనియం ఈయనది. ఆయన పద్ధతి ఒకటుండేది, మొదట్లో దానికి మేమంతా మనసులో తిట్టుకునేవాళ్ళం. ఎవరు పిలిచినా వచ్చి వెనక నిలబడేవాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకొని. మీటల మీద ఒక్కసారి వేలు పెట్టేవాడు కాదు. "మిషన్ ఏమన్నదో పైకి చదువమ్మా" అనేవాడు. చదివినా తెలియకపోతే, "ఇగ నువ్వేం రాసినవో మీ పక్కామెకు మొదటిసంది చెప్పు. ఆమెకు సమజ్ కాకపోతె అప్పుడు నేను చెప్త" అనేవాడు. ఫీజు కట్టింది నెక్కొండ అక్కకు పాఠం చెప్పడానికా అని నాకు చిర్రెత్తుకొచ్చేది. అక్క కూడా తక్కువది కాదు. నేను చెబుతుంటే ప్రతిదానికీ, "అంటే?" అనేది. బడిలో పిల్లల్ని అడిగీ అడిగీ ఆమెకు అలవాటయిపోయింది. ఆ 'అంటే'కు జవాబు వెతుకుతుంటే చాలాసార్లు తప్పు దానంతటదే బయటపడేది. అది సారుకు తెలుసు, మాకు తెలియడానికే నెలన్నర పట్టింది.

నా మొదటి ప్రోగ్రాం సంగతి తలచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగదు. మా దుకాణంలో ఏ కొత్త కాగితం మీదైనా, సామాను చీటీ కానీ చాకలి పద్దు కానీ, పైన దేవుడి పేరు రాయకుండా కింద అక్షరం పడదు. నా చేయికి అదే అలవాటు. అప్పటి బేసిక్ భాషలో ప్రతి వరుసకూ ఒక నెంబరు, మొదటిది పది. నేను పదో నెంబరు వేసి పక్కన నిమ్మళంగా SRI RAMA JAYAM అని కొట్టాను. తర్వాత నా పేరు పదిసార్లు తెర మీద రావాలని రాశాను. రన్ అనగానే మిషను బుస్సుమంది, పదో వరుసలో తప్పుందని. తక్కిన వరుసలన్నీ దిద్దాను, కామాలు మార్చాను, పేరు మార్చాను. పదో వరుసను మాత్రం ముట్టుకోలేదు. దేవుడి పేరులో తప్పెట్లా ఉంటుంది? అక్క కూడా అదే అంది. "నీ మిషనే ఖరాబున్నది, చెల్లె!"

సారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని, చదవమన్నాడు. చదివాను. నా ముఖం చూసి ఆయనకు సంగతి అర్థమైంది. తీసెయ్యమనలేదు, అది నాకు ఎన్నటికీ గుర్తే. "అమ్మా, దానికి మనం ఏ పని చెప్పినా చేస్తది. రామయ్య పేరుతోని ఏం పని చెయ్యాల్నో దానికి తెల్వదు, అందుకే కొట్లాడుతాంది. ముందట REM అని పెట్టు. ఆ వరుస మనుషుల కోసం రాసుకున్నదని దానికి సమజయితది, ముట్టకుండ దాటిపోతది" అన్నాడు. పెట్టాను. నా పేరు పది వరుసల్లో టకటకా కిందికి దిగింది! నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను, అక్క నా వీపు మీద చరిచింది. ఆ రోజు నుంచి మా బ్యాచిలో అందరి ప్రోగ్రాముల్లోనూ మొదటి వరుస REM, దాని పక్కన ఎవరి దేవుడు వారికి. సారు తన వాటిలో కూడా ఒకటి రాసుకునేవాడని తర్వాత చూశాను.

మూడు నెలలు ముగియవస్తున్నాయి. సారు ఒక మాట చెప్పాడు. దీని తర్వాతి కోర్సు కూడా చేస్తే, కొత్తగా చేరే ఆడపిల్లలకు ఇక్కడే నేర్పే పని నాకిప్పిస్తానని. ఆ మాట విన్నాక నాకు భయం పట్టుకుంది. అంతవరకూ పోయేది చదువు, ఇప్పుడు పోతే ఉద్యోగం పోతుంది. నాయిన ముందు ఏం చూపించాలి? నాయినకు ఇష్టమైనవి ఎక్కాలు. ఏ అంకె అడిగితే ఆ అంకె ఎక్కం తెర మీద పడేలా ప్రోగ్రాం రాశాను. రెండో ఎక్కం, పదిహేడో ఎక్కం, తొంభైతొమ్మిదో ఎక్కం, అన్నీ వేయించి చూశాను. గడగడా వచ్చాయి. ఇక నాయిన ఎట్లా కాదంటాడో చూద్దాం అనుకున్నాను.

ఆ శనివారం నాయిన దుకాణం మా తమ్ముడికి అప్పగించి వచ్చాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఏసీ గాలికి ఒకసారి ఉలిక్కిపడి, భుజం మీది కండువా చెవుల చుట్టూ కప్పుకున్నాడు. సారు కుర్చీ వేస్తే కూర్చోలేదు. "నిలబడే చూస్త, పంతులు" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా తమ పనులు ఆపి మా వైపు తిరిగారు.

"ఏ ఎక్కం గావాలె నాయినా?" అన్నాను, గొంతులో ధీమా నింపుకొని.

నాయిన క్షణం కూడా ఆలోచించలేదు. "సవా" అన్నాడు.

సవా అంటే ఒకటింబావు. మా ఇళ్ళల్లో ఆ కాలపువాళ్ళు మామూలు ఎక్కాలతో పాటు పావులవీ అరలవీ కూడా నేర్చుకున్నారు, దుకాణంలో పనికొచ్చేవి అవే మరి. నాకది తట్టనే లేదు. అయినా ఏముందిలే అని 1.25 కొట్టాను. తెర మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు... పది దాకా బారుగా దిగాయి.

నాయిన తెర వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇది ఒకటో ఎక్కం, బిడ్డా. ఒకటో ఎక్కానికి ఇంత ఖర్చు పెట్టి డబ్బ కొన్నరా?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. నాయిన కండువా సర్దుకున్నాడు, మెట్ల వైపు ఒక అడుగు తిరిగాడు. అయిపోయింది, ఇక నా బతుకు చింతపండు గింజలే అనుకున్నాను.

సారు వంక చూశాను. చేతులు వెనకే ఉన్నాయి, మహానుభావుడివి! ఇప్పుడైనా ఒక్క వేలు ముందుకు వస్తే ఏం పోతుంది? పైకి చదువుదామంటే మిషను ఏమీ అనడం లేదు. తప్పు లెక్కను ఒప్పు లెక్కంత దర్జాగా చూపించి ఊరుకుంది. "నాయినా, ఒక్క నిమిషం ఆగు" అని, నెక్కొండ అక్క వైపు తిరిగాను. "అక్కా, విను. మొదటిది REM. రెండోదాంట్ల అంకె అడుగుతాన్న. అది N అనే డబ్బల వేస్తాన్న. పక్కన శాతం గుర్తు పెట్టిన..."

"శాతం గుర్తు అంటే?" అంది అక్క.

"అది పెడితె ఆ డబ్బల నిండు అంకెలే పడ్తయి, మిషన్ జల్ది పని జేస్తదని..." నోట్లో మాట నోట్లోనే ఆగింది. నిండు అంకెలే! పావును ఆ డబ్బా గుమ్మంలోనే ఆపేసి, ఒక్కటిని మాత్రం లోపలికి రానిచ్చింది. నేను వేసి చూసినవన్నీ నిండు అంకెలే, అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు. ఆ గుర్తు ఉన్న చోటల్లా తీసేశాను. రన్.

తెర మీద 1.25 పడింది. మెట్ల వైపు తిరిగిన నాయిన వెనక్కి తిరిగాడు. 2.5 పడింది. "ఏక్ సవా సవా, దో సవా ఢాయీ..." ఆయన పెదవులు తమంతట తామే కదిలాయి. 3.75. "తీన్ సవా పౌనే చార్." 5. "చార్ సవా పాంచ్!" అప్పటికి గొంతు పెరిగింది. మిగిలిన వరుసలు తెర మీద ఉన్నవి ఉన్నట్టు వేలితో చూపిస్తూ, చిన్న పిల్లవాడు పంతులు ముందు అప్పజెప్పినట్టు, రాగం తీసి చదివాడు మా నాయిన. పన్నెండున్నర దగ్గరకు వచ్చేసరికి గదంతా ఆయనతో గొంతు కలిపింది. తెలిసినవాళ్ళు తెలిసి, తెలియనివాళ్ళు తెర చూసి. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అంత సంతోషం ఆ తర్వాత ఎన్నిసార్లు కలిగిందో వేళ్ళ మీద చెప్పగలను.

"ఇగ పౌనా వెయ్యి" అన్నాడు. ముప్పావు ఎక్కం. వేశాను. తర్వాత డేఢ్, ఒకటిన్నరది. అదీ వేశాను. ప్రతిదీ తను చదివి, తెరను సరిచూసి, తల ఊపాడు. ఆఖరికి అప్పటిదాకా వద్దన్న కుర్చీలో కూర్చొని, సారుతో, "పంతులూ, జేసిన తప్పు బిడ్డకే దొరికింది. అది జూసిన. నాకు సమజయింది" అన్నాడు. సారు అప్పుడు చేతులు ముందుకు తెచ్చి నమస్కారం పెట్టాడు. మెట్లు దిగాక నాయిన నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. రోడ్డు మీద నిలబడి తినడం మా ఇంట్లో తప్పు. ఇద్దరం నిలబడే తిన్నాం.

సోమవారం పొద్దున చింతపండు తట్ట నా ముందుకు వచ్చింది. నాయిన దాన్ని అమ్మ వైపు జరిపి, "దానికి బస్సు పోతది, జల్ది అన్నం పెట్టు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రోజు మొదలుకొని రిటైరయ్యే దాకా పొద్దున్నే తల దువ్వుకొని, మొదట ఆ కోర్సుకు, తర్వాత పనికి వెళ్ళాను. మిషన్లు మారాయి, భాషలు మారాయి, నేర్పిన పిల్లలకు పిల్లలు పుట్టారు. నాయినా లేడు. ఇన్నేళ్ళ కాలం నా దగ్గర్నుంచి చాలానే పట్టుకుపోయింది కానీ, ఎక్కడికో వెళ్ళాల్సిన మనిషినన్న ఆ పొద్దుటి తొందరను మాత్రం ఇప్పటికీ ముట్టుకోలేదు.