తోమియే గారి ప్రశ్న

అకిహబారా బజారులో రైలు వంతెన కింద, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు దుకాణం తోమియేది. కరెంటు సామాన్లు అమ్మేది. వచ్చినవాళ్లను నిలబెట్టి ప్రశ్నలడగడం ఆమెకు సరదా.

ఒక చలికాలం, మోటారు బండిలో పాటపెట్టె మోగిస్తూ సందుల్లో కాల్చిన చిలగడదుంపలు అమ్మే మునకత ముఖం వేలాడేసుకుని వచ్చాడు. కిందటి వారం తోమియే ఇచ్చిన, వోల్టులు తగ్గించే కన్వర్టరునే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పాట మొదటి లైను దాటట్లేదమ్మా. సందు సందుకీ బండి ఆపుతానా, స్టార్ట్ చేయగానే పెట్టె ఆరిపోయి మళ్లీ మొదటికొస్తోంది. పిల్లలు వెక్కిరిస్తున్నారు. పాట ఆగితే నేను వెళ్లిపోయాననుకుని ఎవరూ తలుపు తీయట్లేదు. ఇలాగైతే ఈ చలికాలం గడిచినట్టే."

"పాటపెట్టెకి పన్నెండు వోల్టులు కావాలన్నారు. బండి పద్నాలుగు ఇస్తుందన్నారు. తగ్గించేది ఇచ్చాను."

"నిజమే చెప్పాను. ఇంజను తిరుగుతుంటే కొలిచాను."

తోమియేకి అప్పుడు తట్టింది. అన్ని ప్రశ్నలూ అడిగి, అసలుది మరిచిపోయింది. దుకాణాన్ని పక్కాయనకు అప్పగించి, మీటరు పట్టుకుని బండి దగ్గరకు నడిచి, దాన్ని బ్యాటరీకి తగిలించింది.

"ఇప్పుడు తాళం తిప్పండి."

ఇంజను మూలుగుతూ లేచింది. మీటరులో అంకె తొమ్మిదికి జారి, మళ్లీ పైకెక్కింది.

"చూశారా, లేవడానికే దాని ఓపికంతా అయిపోతోంది. తగ్గించేది తొమ్మిదిని పన్నెండు చేయలేదు."

"అయితే పెంచేది ఇవ్వండి."

"అది పద్నాలుగుని తగ్గించలేదు. దారి పొడుగునా పెట్టెను కూడా మీ దుంపల్లాగే కాల్చేస్తుంది. రెండు పనులూ వచ్చినది కావాలి."

"అలాంటిది ఉంటుందా?"

"ఉంది. కాస్త లావు, నాలాగే."

దాన్ని బిగించి, మొదటి సందు దాకా తానూ బండెక్కింది. మునకత బండి ఆపి, మళ్లీ తాళం తిప్పాడు. పాట తెగలేదు. పెట్టెలో రికార్డు చేసిన ఆయన సొంత గొంతు రెండో లైనులో పైకెక్కి, అక్కడ నిలవలేక చీలిపోయింది.

"ఈ వారం రోజులూ మీ పరువు కాపాడింది ఆ పాత కన్వర్టరేనండీ," అంది తోమియే.

"నవ్వుకోనీండి. తలుపులు తీస్తే చాలు."

తీశారు. చెప్పులు ఈడ్చుకుంటూ ఒకామె, వెనకే ఇద్దరు పిల్లలు వచ్చారు. అన్నిటికంటే పెద్ద దుంప మాత్రం తోమియే ఒళ్లోకి వచ్చింది.

ఆ తర్వాత ఎవరొచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "ఓపిక తగ్గినప్పుడు ఎంత ఇస్తుంది?" చివరి ఏళ్లలో మోకాళ్లు సహకరించక స్టూలు మీంచి లేవలేకపోతుంటే, పాత ఖాతాదారులు ఆ ప్రశ్న ఆమెనే అడిగేవారు.

"తొమ్మిది," అనేది నవ్వుతూ. "కాస్త ఆగండి, లేస్తాను."

లేచేది కూడా.