ఆవిడ వినలేకపోయిన ఆట

డెట్రాయిట్ నుంచి షికాగో వెళ్లే బస్సులో నా పక్క సీటావిడ తెలుగావిడేనని ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతుంటే తెలిసింది. ఫోన్ పెట్టేసి, ఇయర్‌ఫోన్స్‌లో బేస్‌బాల్ కామెంటరీ వినసాగింది. కాసేపటికి చటుక్కున వాటిని తీసి నా చేతిలో పెట్టింది.

"బాబూ, నువ్వు విని చెప్తావా? మావాడు పిచింగ్ చేస్తున్నాడు. అదే, మన బౌలింగ్ లాంటిది. నావల్ల కావట్లేదు."

వాళ్లబ్బాయికి ఆ ఆటే ఉద్యోగమట. సీజన్ మొదట్లో పెద్ద టీమ్‌లోకి తీసుకున్నారు. నెల తిరక్కుండా చిన్న టీమ్‌కి పంపేశారు. ఇప్పుడు మళ్లీ పిలిచారు.

"ఈ మ్యాచ్ కూడా పోతే కాంట్రాక్ట్ క్యాన్సిల్ చేస్తారంట" అంది.

నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. అయినా విన్నాను. అతను వేసిన బంతిని ఎవరో స్టేడియం గోడ దాటించారు. ఆ తర్వాత ఇంకొకరు. చివరికి కోచ్ మైదానంలోకి వచ్చి అతని చేతిలోంచి బంతి తీసుకున్నాడని, ఇంకొకర్ని దింపుతున్నారని కామెంటేటర్ చెప్పాడు.

ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"మార్చేశారు ఆంటీ."

ఆవిడ కొడుక్కి మెసేజ్ టైప్ చేసింది, చెరిపేసింది. మళ్లీ టైప్ చేసి మళ్లీ చెరిపింది.

"ఏం రాయమంటావు బాబూ? పర్లేదు నాన్నా అంటే కోపం వాడికి. ఏమీ రాయకపోతే అమ్మ చూడలేదనుకుంటాడు."

దారిలో కాలమజూ అనే ఊళ్లో ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకునే దిగిపోయింది.

ఇప్పటికీ టీవీలో ఆ ఆట వస్తుంటే చూస్తాను. కోచ్ మైదానంలోకి నడిచి వస్తున్నాడంటే మాత్రం ఛానల్ మార్చేస్తాను.