పక్క చెలక బావి మెట్లు

మొన్న రాజమండ్రి నుంచి విమానంలో వస్తున్న మా చెల్లెలిని తీసుకురావడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు బయలుదేరాను. దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. ముందున్న పొడవాటి లారీ మీద ఆరు ఖర్జూరం చెట్లు పడుకోబెట్టి ఉన్నాయి. వేళ్లకు మట్టి ముద్దలు, మట్టలన్నీ దగ్గరికి లాగి గోనెపట్టాతో కట్టేశారు. ఏదో కొత్త వెంచర్ గేటు ముందు నాటడానికట. "నాటుడు అల్కనే మేడం, రోజూ ట్యాంకర్ పొయ్యాలె గదా," అన్నాడు క్యాబ్ డ్రైవర్. ఈ నేల మీదికి ఇలా పరాయి చెట్లను మోసుకొచ్చినవాళ్లలో మా మామగారు ఒకరు. తెలిసి తెలిసి ఆయన్ని ఆపనిదాన్ని నేను.

మామగారిది కోనసీమ. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి, మైలార్‌దేవ్‌పల్లిలో ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్లు గడిపినా ఆయన మనసులో కాలవ పారుతూనే ఉండేది. రిటైరయ్యాక మహేశ్వరం దగ్గర అరెకరం కొన్నారు. ఎర్రమట్టి, బండరాళ్లు, తంగేడు పొదలు, నాలుగైదు సీతాఫలం చెట్లు. కొబ్బరికాయ కాయనిది ఆయన లెక్కలో చెట్టే కాదు కాబట్టి అక్కడ ఏమీ లేదన్నారు. జేసీబీతో రెండు రోజుల్లో అంతా చదును చేయించి, బోరు వేయించి, కోనసీమ నుంచి లారీలో ముప్ఫై కొబ్బరి మొక్కలు తెప్పించారు. లారీకి ఎదురెళ్లి కొబ్బరికాయ కొట్టారు కూడా. కొబ్బరి మొక్కలకు కొబ్బరికాయ కొట్టడమేమిటని మా అత్తగారు నవ్వినందుకు మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

పక్కనున్న చెలక, ఎర్రమట్టి మెట్టచేను, ఒక రైతు కుటుంబానిది. ఆ ఇంటావిడ నాకంటే పదేళ్లు పెద్ద, నేను అక్కా అనేదాన్ని. వాళ్లకు వానాధారంగా కొంచెం జొన్న, కంది. మిగతా బతుకంతా మెట్లబావి కింద పండే నాలుగు మడుల టమాట, వంకాయ మీదే. కొత్త కోడలిగా వచ్చిన ఏడు, పుట్టింటివాళ్లిచ్చిన ఇత్తడి చెంబు ఆమె చేయిజారి ఆ బావిలో పడిందట. గాలాలు వేసినా, ఈతగాళ్లు మునిగినా దొరకలేదు. వాళ్ల అత్త పోయేదాకా ఆ చెంబు పేరు చెప్పి దెప్పుతూనే ఉందట. "గా బావికి అడుగు లేదు చెల్లె," అని నవ్వేది అక్క.

మొక్కలు నాటిన రోజే ఆమె వచ్చి చూసింది. "బాపూ, గిది చెలక. గీడ గివి బతుకుతయా?"

"నీళ్లుంటే ఏ చెట్టయినా బతుకుతుందమ్మా," అన్నారు మామగారు.

అక్క నా వైపు తిరిగింది. "సీతాఫలం చెట్టు ఎండకాలం ఆకు రాల్చి ఒక్కపొద్దు ఉంటది చెల్లె. మీ కొబ్బరికి ఒక్కపొద్దు తెల్వది."

నేనప్పుడు హైస్కూల్లో సాంఘికశాస్త్రం టీచర్ని. అక్క చెప్పిన ఆ ఒక్క ముక్క చెప్పడానికి నేను ఏటా నల్లబల్ల నిండా ప్రపంచపటం గీసేదాన్ని. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడుగునా వానలు, అందుకే అక్కడ ఎండ నేలకు తగలనంత అడవి. ఎడారిలో ఆకు ముల్లవుతుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ చెట్లు పొట్టివై, పలచబడి, చివరికి నాచే మిగులుతుంది. మనలాంటి రుతుపవనాల దేశంలో చాలా చెట్లు వేసవికి ఆకు రాల్చి తడి దాచుకుంటాయి. ఏ చెట్టు ఎక్కడ ఉండాలో చెప్పేది అక్కడి ఎండా వానా, మనం కాదని గంభీరంగా ముగించేదాన్ని. శీతోష్ణస్థితికీ వృక్షసంపదకూ గల సంబంధం వివరించమన్న ప్రశ్నకు ఎన్ని వందల జవాబులు దిద్దానో! అదే ప్రశ్న మా ఇంట్లో ఎదురైతే ఖాళీ కాగితం ఇచ్చాను. మామగారంటే భయమని చెప్పుకోవచ్చు గాని అది అబద్ధం. ఆ లేత మట్టలు గాలికి ఊగుతుంటే మా పుట్టింటి పెరడు గుర్తొచ్చేది. ఆ నీడ నాకూ కావాలనిపించింది, అందుకే నోరు మెదపలేదు.

రెండేళ్లు కొబ్బరి బాగానే ఎదిగింది. మోటారు పొద్దస్తమానం ఆడేది. పొదలు పోయాక కౌజుపిట్టల అరుపు ఆగిపోయిందని చాలా రోజులకు గాని గమనించలేదు. మూడో వేసవిలో అక్క కంచె దగ్గరికొచ్చి, "బావిల ఇంకో మెట్టు బయటవడ్డది చెల్లె," అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. రెండు వారాలకు ఇంకో మెట్టు. వెళ్లి వంగి చూశాను. పైమెట్లు అరిగి నున్నగా ఉన్నాయి. కిందివి నల్లగా, పాచి ఎండి పెచ్చులు లేస్తున్నాయి. "గీ మెట్టును మా అత్త గూడ సూడలే," అంది అక్క.

వానలూ తీరు తప్పాయి. రావలసిన నెలలో రాక, వచ్చిన రోజు కుండపోతగా కురిసి, చదును చేసిన మట్టిని ఎర్రగా రోడ్డు మీదికి ఈడ్చుకుపోయేవి. మా బోరు గాలి కక్కింది. మామగారు ఇంకా లోతుకు రెండోది వేయించారు. బోరుబండి లేపిన తెల్లటి రాతిపిండి కొబ్బరి మట్టల మీద, అక్క వంకాయ మడుల మీద, అందరి జుట్టు మీద పడింది. ఒక్క పూటలో అందరం ముసలివాళ్లమైనట్టు కనిపించాం. తిరిగొస్తూ కారులో, "ఇక చాలు మామయ్యగారూ, వాళ్ల బావి ఎండిపోతుంది," అన్నాను. మూడేళ్లు ఆలస్యంగా.

"నీళ్లు పడ్డాయిగా అమ్మాయ్," అన్నారాయన.

అయిదో ఏడు, ఎండలు ముదిరిన ఒక ఆదివారం ఉదయం వెళ్లేసరికి అక్క మా గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి చెంబు. చిలుముపట్టి, సగం దాకా ఎండిన బురదతో.

"దొరికింది చెల్లె," అంది. నవ్వలేదు.

"అడుగు కనబడిందా అక్కా?"

"కనవడ్డది." చెంబు నా ముందుకు చాచింది. "జర నీళ్లు పోస్తవా? పొద్దుగాల నుంచి గొంతు ఎండుతున్నది."

నేను అందుకున్న చెంబును, వెనకే వచ్చిన మామగారు నా చేతిలోంచి తీసుకున్నారు. బురద గీకి, చింతపండు పెట్టి తోమి, కుళాయి కింద నింపి ఆమెకు ఇచ్చారు. ఆ రోజే మోటారు ఆపించేశారు గాని, బావి మళ్లీ నిండలేదు.

మరుసటి ఏడు పక్క చెలక ప్లాట్లయింది. అక్క కందుకూరులో కూతురి దగ్గర ఉంటోంది. మామగారు లేరు. కొబ్బరిచెట్ల తలలు రాలిపోయి మోడులు నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్లలో, ఎవరూ నాటకుండానే, తంగేడు మొలిచింది.

లారీ పక్కకు తిరిగాక ఎయిర్‌పోర్టు చేరాను. మా చెల్లి కారెక్కి, తిరుగుదారిలో రోడ్డు పక్కన కొత్తగా నిలబెట్టిన చెట్లను చూసి, "అబ్బ, ఇక్కడ కూడా మన ఊరిలా పచ్చగా తయారైందే!" అంది సంబరంగా. నేను నా ఒళ్లోని మంచినీళ్ల సీసాను గట్టిగా పట్టుకున్నాను. నలభై ఏళ్లు ఆ బావి దాచిపెట్టిన చెంబును బయటికి తీయడానికి మాకు అయిదేళ్లు చాలాయి.