మూర్తిగారి తోడేళ్ళ చుట్టరికం

శ్రీరామచంద్రమూర్తిగారికి తోడేళ్ళ వంశవృక్షాలు గీసే జబ్బుంది. కాపురముండేది పామర్‌స్టన్ నార్త్‌లో. న్యూజీలాండ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా గాలించినా అడవిలో తోడేలు కాదుగదా, దాని దూరపు చుట్టం నక్క కూడా దొరకదు. పాముల్లేని దేశమది. కనుచూపుమేరా గొర్రెలే. ఆ గొర్రెల నడుమ కూర్చుని, సముద్రం అవతల అమెరికా కొండల్లో తిరిగే తోడేళ్ళకు తాతముత్తాతల్ని వెతికిపెట్టడం ఆయన పని. జీతమిచ్చే పని మాత్రం పాలపొడి కంపెనీలో సాఫ్ట్‌వేర్.

ఆ కొండల్లో తోడేళ్ళు పూర్తిగా అంతరిస్తే, ముప్ఫై ఏళ్ళ కిందట కెనడా నుంచి కొన్నిటిని తెచ్చి వదిలారు. వాటికెవరు పుట్టారు, ఎవరు ఎవర్ని కట్టుకున్నారు, ఏ లోయలో వేరు కాపురం పెట్టారు, ఇదంతా అక్కడ దుర్భిణీలు పట్టుకుని కాపుకాసేవాళ్ళు ఇంటర్నెట్లో రాస్తుంటారు. మూర్తిగారు అది చదివి గోడంత కాగితం మీద గీస్తారు. శాస్త్రవేత్తలు తోడేళ్ళకు నంబర్లిచ్చారు. “నంబర్లేమిటండీ, ఖైదీల్లాగా!” అని ఈయన పేర్లు పెట్టారు. “నిన్న పుల్లమ్మ పోయిందండీ” అని ఆయన కళ్ళొత్తుకుంటే, ఇంటికొచ్చినవాళ్ళు కంగారుపడి పరామర్శించి, కాఫీ తాగి, కారెక్కాక తెలుసుకునేవాళ్ళు పుల్లమ్మకి తోక ఉందని.

పక్కింటి గ్రాహమ్‌కి ఊరి బయట గొర్రెల ఫారముంది. రోజూ కంచె మీంచి పలకరిస్తాడు.

“మూర్తీ, మీవాళ్ళంతా కులాసానా?”

“నల్లరాజుకి మనవలు పుట్టారు గ్రాహమ్!”

“చాలా సంతోషం. అక్కడే ఉండమను.”

మూర్తిగారి పెరట్లో చిన్న గది ఒకటుంది. దాన్ని అద్దెకడగడానికి వచ్చిన రోజే ప్రణీతకు ఈ జబ్బు పరిచయమైంది. ఆమె అక్కడి ఆసుపత్రిలో నర్సు. మూర్తిగారి భార్య కామేశ్వరమ్మ కూర్చోబెట్టి, “మీదే ఊరమ్మా? నాన్నగారేం చేస్తారు?” అంది. ప్రణీత మొహం పక్కకి తిప్పుకుంది. తనను కన్నవాళ్ళెవరో తనకే తెలీదు. గుంటూరులో ఒక అనాథాశ్రమంలో పెరిగింది. ఏం చెప్పాలా అనుకునేలోగా లోపలి గది గుమ్మంలోంచి మూర్తిగారు ఊడిపడ్డారు.

“అమ్మాయ్, తోడేళ్ళలో మేనరికాలుండవు, తెలుసా? మనకంటే నయం!”

కాఫీ వచ్చేసరికి మాట నాలుగు తరాలు వెనక్కి వెళ్ళిపోయింది. ప్రణీత నాన్నగారి ఊసు ఎవరికీ గుర్తులేదు. గది ఖాయమైంది.

ఉగాదికి ఊళ్ళో తెలుగువాళ్ళంతా చేరిన కమ్యూనిటీ హాల్లోనూ అంతే. సుబ్బారావుగారు పులిహోర నములుతూ, “ఇంతకీ నువ్వు ఎవరి తాలూకమ్మా?” అన్నారు. హాలు ఆ చివర నుంచి మూర్తిగారు ప్లేటుతో సహా పరిగెత్తుకొచ్చారు.

“సుబ్బారావుగారూ! నల్లరాజు రెండో పెళ్ళి చేసుకున్నాడండీ!”

“మొన్ననే చెప్పారు కదండీ.”

“మొన్న చెప్పింది నిశ్చితార్థం!”

సుబ్బారావుగారు చెయ్యి కూడా కడుక్కోకుండా కార్ పార్కు వైపు నడిచారు. ఇంత చదువు, ఇంత ఓపిక, అంతా తోడేళ్ళ పాలు చేసుకున్న మనిషిని ప్రణీత ముచ్చటగా చూసింది. ఆ పిచ్చి అప్పుడప్పుడూ తనకి కలిసిరావడం కేవలం అదృష్టమనుకుంది.

అసలు గండం తర్వాత వచ్చింది. ప్రణీతా, ఆమె ప్రేమించిన మహిధరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారు. అతని తల్లి కోటేశ్వరమ్మగారు తెనాలి నుంచి పిల్లను చూడటానికి వచ్చింది. ఆవిడ సరేనంటేనే పెళ్ళి. “ఆశ్రమం సంగతి కార్లో చెప్పేస్తాలే” అన్నాడు మహిధర్. కార్లో తల్లికి దారిపొడవునా వాతావరణం గురించి చెప్పాడు.

మూర్తిగారింట్లో భోజనాలు. వంకాయ కూర వడ్డిస్తుండగానే కోటేశ్వరమ్మగారు అడిగేసింది.

“మీ ఇంటిపేరేంటమ్మా? మీవాళ్ళెవరు?”

మహిధర్ వంకాయలోకి చూశాడు. మూర్తిగారు ఎంగిలిచేత్తోనే లేచి కాగితం చుట్ట విప్పారు.

“అక్కయ్యగారూ, మీరీ వంశం చూడాలి! ఇదిగో నల్లరాజు. ఇది వాళ్ళ నాయనమ్మ...”

అందరూ పారిపోయే చోట కోటేశ్వరమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని వంగింది. చుట్టరికాల లెక్కల్లో తెనాలిలో ఆవిడకి ఎదురులేదు.

“ఈ నాయనమ్మ పైన గీతలేవండీ? దీని పుట్టిల్లెక్కడ?”

మూర్తిగారు మొదటిసారి తడబడ్డారు. “దీని పేరు నీలవేణండీ. పుట్టిల్లెక్కడో ఎవరికీ తెలీదు. మంచులో ఒంటరిగా నడుచుకుంటూ వచ్చింది.”

“మరి ఎవరి తాలూకని రాయాలి?”

“రాయడానికేం లేదండీ. ఈ కిందవాళ్ళంతా దీని తాలూకు.”

ప్రణీత చెంచా కింద పెట్టింది.

“ఆంటీ, మావాళ్ళెవరో నాకూ తెలీదండీ. ఆశ్రమంలో పెరిగాను.”

కోటేశ్వరమ్మగారు ఆమెను చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“ఈ మాట నువ్వెందుకు చెప్పలేదురా? నేనేమైనా తోడేల్నా, పిల్లని మింగెయ్యడానికి?”

“అక్కయ్యగారూ!” మూర్తిగారు నిజంగా నొచ్చుకున్నారు. “తోడేళ్ళనంత మాటనకండి!”

కోటేశ్వరమ్మగారికి నవ్వాగలేదు. నవ్వుతూనే ప్రణీత కంచంలో నెయ్యి వేసింది. “తినమ్మా. ముహూర్తాల సంగతి వీడితో కాదు, నీతోనే మాట్లాడతాను.”

వంటింట్లో గిన్నెలు సర్దుతూ ప్రణీత అంది, “అంకుల్ భలే టైముకి లేచారండీ.”

“టైముకా!” కామేశ్వరమ్మ మూతి తిప్పింది. “ఆయన పిచ్చి ఆయనకుందనుకో. కానీ ఆరోజు నేను నాన్నగారేం చేస్తారని అడిగినప్పుడు నీ మొహం చూశారట. రాత్రి నామీద చిందులు తొక్కారు. అప్పట్నించీ ఎవరు నీ దగ్గర ఆ ప్రశ్న ఎత్తబోయినా తోడేళ్ళని వదుల్తున్నారు. సుబ్బారావుగారైతే మా ఇంటికి రావడమే మానేశారు.”

ప్రణీత చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చింది. మూర్తిగారు కాగితం మీద పడ్డ కూర మరకని మెల్లగా తుడుస్తున్నారు.

“అంకుల్, ఆ నీలవేణి తర్వాత ఏమైంది?”

ఆయన అనుమానంగా తలెత్తారు. “నువ్వు... నిజంగానే అడుగుతున్నావా?”

“నిజంగానే.”

“కామేశ్వరీ! కాఫీ పెట్టు! అమ్మాయి తనంతట తనే అడుగుతోంది!”

“నాక్కూడా,” అంటూ కోటేశ్వరమ్మగారు కుర్చీ ముందుకు లాక్కుంది. “కానీ ముందు ఈ కాగితంలో నల్లరాజు పక్కన ఇద్దరు పెళ్ళాలేమిటో, రెండో పెళ్ళి ఎందుకు చేసుకున్నాడో తేల్చండి. మొదటి పెళ్ళాం ఏమైందట?”