చాక్‌పీసు పడవ

నేను చదివిన యూనివర్సిటీలో ల్యాబ్ అసిస్టెంట్ ఒకాయన ఉండేవాడు. రిటైరయ్యాక చిన్న తెరచాప పడవ కొని, రాత్రుళ్లు అందులోని గదిలోనే పడుకుంటూ తీరం వెంట తిరగాలని ఆయన ఆశ. ఫోన్‌లో నచ్చిన ప్రతి పడవ గదినీ కొలత ప్రకారం ల్యాబ్ నేల మీద చాక్‌పీసుతో గీసేవాడు. చెప్పులు బయట విడిచి, లోపల వెల్లకిలా పడుకునేవాడు.

"కాళ్లు చాపుకోనీకె జాగ లేదు," అని లేచి తుడిచేసేవాడు.

చివరికొకటి సరిపోయింది. ఆ మధ్యాహ్నం తార్నాక నుంచి టిఫిన్ డబ్బా తెచ్చిన ఆయన భార్య కూడా గీత బయటే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"మరి నేనేడ పండాలె?" అంది.

ఆయన ఒక పక్క గీతను కాలితో చెరిపేసి, చాక్‌పీసు ఆమె చేతికిచ్చాడు.

ఆమె గీసిన పడవకు చోటు చాలక, మేం రెండు బల్లలు వరండాలో పెట్టాం.